గూడ్సు పెట్టె నమూనా: కొలిచి చేద్దామా, ఊహించి చేద్దామా?

గుడివాడ జంక్షనులో గూడ్సు బండి పోతూ ఉంటే పెట్టెలు లెక్కపెట్టని వారు మీలో ఉండరు. ముప్ఫై, నలభై, యాభై... చివరి గార్డు పెట్టె వచ్చేసరికి లెక్క తప్పి, పక్కవాడితో పేచీ పెట్టుకుంటారు. సరే, లెక్క సంగతి అటుంచండి. ఇప్పుడే మీ కళ్ళ ముందు నుంచి పోయిన పెట్టెకు పక్కగోడ మీద నిలువు కమ్ములు ఎన్ని ఉన్నాయి? చక్రాలు ఎన్ని? పక్కన తెల్లరంగుతో రాసిన పెద్ద సంఖ్యలో అంకెలు ఎన్ని? ఈ ప్రశ్నలు వేస్తే చాలామంది నోరు మెదపరు. ఇంజను ముఖం మాత్రం కళ్ళు మూసుకుని బొమ్మ వేయగలరు!

పాఠశాలల్లో జరిగే విజ్ఞాన ప్రదర్శనల్లో కూడా ఇదే తంతు. రైలు నమూనా అనగానే ఇంజనుకు బల్బు వెలగాలి, కూత వినపడాలి. వెనుక పెట్టెలు మాత్రం అగ్గిపెట్టెలకు రంగు కాగితం అంటించినవి. ఒక్కొక్కసారి ఇంకా వింత కనిపిస్తుంది. "1908లో బందరుకు వచ్చిన తొలి రైలు" అని అందంగా చీటీ రాసి, దాని వెనుక ఎనిమిది చక్రాల ఇప్పటి బొగ్గు వ్యాగన్లు తగిలిస్తారు. చూసేవారు చప్పట్లు కొడతారు. బహుమతి కూడా రావచ్చు. నాకు మాత్రం అది నచ్చదు. ఎందుకు నచ్చదో చెబుతాను. నాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు, కాని లెక్క కట్టి చూసిన తరువాతే కాదనండి.

మొదట ఒక తేడా చెప్పుకుందాం. మన పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఏనుగు మీద అంబారీ, అంబారీలో రాజు. ఆ రాజుకు, ఏనుగుకు ఉన్న నిష్పత్తి సరైనదా అని ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. కొలవనక్కరలేదు కూడా. అది బొమ్మ. చూడగానే గుర్తుపట్టి సంతోషించటానికి చేసినది. నమూనా వేరు. ఈ వస్తువు ఇంత పొడవుంది, ఇంత వెడల్పుంది, ఫలానా కాలంలో ఇలా ఉండేది అని నమూనా మనకు మాట ఇస్తుంది. ఆ మాట నిలబడాలి. బొమ్మ చేయండి, ఎవరూ వద్దనరు. బొమ్మను నమూనా అని మాత్రం చెప్పకండి.

ఇక కొలతల సంగతికి వద్దాం. మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే స్టాండర్డ్ గేజి 1435 మిల్లీమీటర్లే. విదేశీ కంపెనీల బొమ్మ రైళ్ళలో బాగా చలామణీలో ఉన్న సైజు 1:87. అంటే అసలు దానిలో 87వ వంతు. వాటి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 1435ను 87తో భాగించి చూడండి, సరిగ్గా సరిపోతుంది. మరి మన పెట్టెను అదే సైజులో చేసి అదే పట్టాల మీద నిలబెడితే? 1676ను 87తో భాగిస్తే 19.26 మిల్లీమీటర్లు రావాలి. ఉన్నది 16.5. నూటికి 14 వంతుల తేడా! పెట్టె సన్నని కాళ్ళ మీద నిలబడ్డ లావుపాటి మనిషిలా కనిపిస్తుంది. ఎక్కడో ఏదో బాగాలేదని కంటికి తెలుస్తుంది, కారణం మాత్రం తోచదు.

ఈ ఇబ్బంది మనకొక్కరికే రాలేదు. ఇంగ్లండులో నమూనాలు చేసేవారు అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున పెట్టెలు చేసి, అదే 16.5 పట్టాల మీద నడిపేవారు. లెక్క ప్రకారం వాళ్ళకు 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. చాలామంది "పోనీలే" అనుకున్నారు. కొందరు అనుకోలేదు. 1960లలో వాళ్ళు 18.83కే చక్రాలు, పట్టాలు తయారుచేసుకుని ప్రోటోఫోర్ అనే కొత్త ప్రమాణం పెట్టుకున్నారు. రెండున్నర మిల్లీమీటర్ల కోసం అంత పట్టుదల ఏమిటని నవ్వినవారూ ఉన్నారు. నాకు ఆ పట్టుదల మీద గౌరవం ఉంది.

మనకు అంత శ్రమ అక్కరలేదు. చక్కని ఉపాయం ఒకటి ఉంది. 87 వదిలేసి 100తో భాగించండి. 1676 కాస్తా 16.76 అవుతుంది. బజారులో దొరికే 16.5 పట్టాలకు తేడా పావు మిల్లీమీటరు మాత్రమే, నూటికి రెండు వంతులైనా లేదు. అసలు పెట్టెలో ఒక మీటరు, మీ నమూనాలో ఒక సెంటీమీటరు. ఆరో తరగతి పిల్లవాడికి కూడా తప్పు రాని లెక్క. మన గేజికి ఈ 1:100 దేవుడిచ్చిన వరమనుకోండి.

ఒక పెట్టె తీసుకుందాం. బొగ్గు మోసే, పైకప్పు లేని ఎత్తుగోడల పెట్టెను రైల్వేవారు బాక్స్‌ఎన్ అంటారు. ఆ పేరులో మొదటి 'బి' అంటే బోగీలున్నదని, 'ఒ' అంటే పైన తెరిచి ఉన్నదని, చివరి 'ఎన్' అంటే గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులున్నదని అర్థం. కప్పు ఉన్నది బి.సి.ఎన్., పెట్రోలు ట్యాంకు బి.టి.పి.ఎన్. పేరు చదవటం వస్తే పెట్టె సగం అర్థమైనట్లే.

బాక్స్‌ఎన్ కొలతలు ఇవి. కప్లింగులతో కలిపి పొడవు 10,713 మిల్లీమీటర్లు, కప్లింగులు లేకుండా 9,784. వెడల్పు 3,200. పట్టాల పైనుంచి ఎత్తు 3,225. రెండు బోగీల మధ్య బిందువుల దూరం 6,524. ఒక్కొక్క బోగీలో రెండు ఇరుసుల మధ్య 2,000. కొత్త చక్రం వ్యాసం 1,000. వీటన్నిటినీ నూరుతో భాగించి నోటు పుస్తకంలో రాసుకోండి. పెట్టె పొడవు 98 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 32, చక్రం 10. హార్డ్‌వేర్ దుకాణంలో ఎం5 బోల్టుకు వేసే వాషరు అడగండి. దాని బయటి వ్యాసం సరిగ్గా 10 మిల్లీమీటర్లు! మధ్య రంధ్రాన్ని అట్ట బిళ్ళతో మూస్తే కదలని నమూనాకు చక్రం సిద్ధం. కదిలే నమూనా కావాలంటే విదేశీ బొమ్మ రైలు చక్రాలు వాడవచ్చు. వాటిలో ఒక రకం వ్యాసం సుమారు 9.6. తప్పు కదా అంటారేమో! బాక్స్‌ఎన్ చక్రం పట్టాల మీద దొర్లి దొర్లి అరుగుతుంది. 906 మిల్లీమీటర్లకు వచ్చేవరకు వాడి, ఆ తరువాత తీసేస్తారు. అంటే మీ 9.6 చక్రం తప్పుది కాదు, అరిగినది.

మరి కొలతలు తెలియని భాగాల మాటేమిటి? కమ్ముల మధ్య ఎడం, తలుపు ఎత్తు, నిచ్చెన మెట్లు? వీటిని ఫొటో నుంచి తీయాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడి, స్టేషను మాస్టరుగారిని అడిగి, పెట్టె మధ్యకు సూటిగా, వీలైనంత దూరం నుంచి ఫొటో తీయండి. దగ్గరగా, ఏటవాలుగా తీస్తే అవతలి చివర చిన్నదైపోయి కొలతలు చెడతాయి. ఫొటోలో మీకొక స్కేలు కావాలి. చక్రాన్ని స్కేలుగా వాడవచ్చా? వాడకూడదు. అరిగే వస్తువును కొలబద్దగా పెట్టుకుంటామా? ఇరుసుల మధ్య దూరం అరగదు, అదే 2,000. ఫొటోలో అది 25 మిల్లీమీటర్లుంటే, ఫొటోలోని ఒక మిల్లీమీటరు అసలు పెట్టెలో 80కి సమానం. మిగతావన్నీ దానితో గుణించుకోవచ్చు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొలత కోసం పట్టాల మీదికి దిగకండి, ఆగి ఉన్న పెట్టె ఎక్కకండి, రెండు పెట్టెల మధ్య దూరకండి. ఆగి ఉన్న గూడ్సు ఏ క్షణంలో కదులుతుందో చెప్పలేం. మన లైను మీద ఇప్పుడు పైన 25,000 వోల్టుల తీగ ఉంది. దాన్ని ముట్టుకోనక్కరలేదు, దగ్గరకు వెళితేనే కరెంటు ఎగిరి పట్టుకుంటుంది. ప్లాట్‌ఫారం మీద నుంచి దొరకని కొలత దొరకనట్లే వదిలేయండి. ప్లాట్‌ఫారం మీద నిలబడి చేయదగ్గ లెక్కలు చాలా ఉన్నాయి. బాక్స్‌ఎన్ పొడవు 10.713 మీటర్లు కదా, పది పెట్టెలు 12 సెకండ్లలో మిమ్మల్ని దాటిపోతే వేగమెంత? 107.13ను 12తో భాగిస్తే సెకండుకు 8.93 మీటర్లు, అంటే గంటకు 32 కిలోమీటర్లు. గడియారం ఒక్కటి చాలు.

తయారీ మొదలుపెడదాం. పెళ్ళి శుభలేఖల అట్ట మంచి సరుకు. గట్టిగా, నున్నగా ఉంటుంది, ఇంట్లోనే దొరుకుతుంది. కాని ఇక్కడొక చిక్కు ఉంది. అసలు పెట్టె గోడ ఇనుప రేకు. ఆ రేకు మందం 5 మిల్లీమీటర్లనుకుంటే నూరో వంతు 0.05. నోటు పుస్తకం కాగితమే అంతకు రెట్టింపు మందం ఉంటుంది! అంత పలచని గోడ నిలబడదు. అందుకని గోడ అట్టతోనే చేసి, పైకి కనిపించే అంచును మాత్రం గరుకు కాగితంతో లోపలివైపు నుంచి ఏటవాలుగా అరగదీయాలి. కన్ను అంచునే చూస్తుంది. ఇది మోసం కాదా అంటారా? మోసమే, కాని చెప్పి చేసే మోసం. ఎలా చెప్పాలో చివర వస్తుంది.

బరువు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ఖాళీ బాక్స్‌ఎన్ బరువు 22.47 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరో వంతైతే ఘనపరిమాణం పది లక్షల వంతు అవుతుంది. బరువూ అంతే. కాబట్టి మీ పెట్టె 22.47 గ్రాములుండాలి. నిండు పెట్టె 81.28 టన్నులు, అంటే 81 గ్రాములు చిల్లర. తపాలా కార్యాలయంలోనో, కిరాణా కొట్లోనో చిన్న త్రాసు మీద పెట్టి చూడండి. చిత్రమేమిటంటే, అమెరికాలోని నమూనా రైల్వేల సంఘం 16.5 పట్టాల మీద నడిచే పెట్టెలకు ఒక ఔన్సు, ఆపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువుండాలని సలహా ఇస్తుంది. మన పెట్టెకు లెక్క కడితే అది సుమారు 83 గ్రాములు. తేలిక పెట్టెలు మలుపుల దగ్గర పట్టాలు తప్పుతాయి మరి.

తరువాత రంగు. ఇక్కడ తొందరపడి చెడగొట్టేవారే ఎక్కువ. గూడ్సు పెట్టెలు చాలావాటికి వేసే ఇటుక రంగు నిజానికి ఇనుప ఆక్సైడు. తుప్పు కూడా ఇనుప ఆక్సైడే! తుప్పు నుంచి కాపాడటానికి తుప్పు రంగే వేస్తున్నారన్నమాట. దుకాణంలో కొన్న రంగును ఉన్నదున్నట్లు వేస్తే నమూనా నల్లగా, బరువుగా కనిపిస్తుంది. ఎందుకంటే, మీరు అర మీటరు దూరం నుంచి నమూనాను చూస్తున్నారంటే, అసలు పెట్టెను యాభై మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్లు. మధ్యలో ఉన్న గాలి, దుమ్ము, ఎండ రంగును పలచబరుస్తాయి. మన డెల్టాలో కొండలు లేవుకాని, పొలాల చివర తాటిచెట్ల వరుస చూడండి. దగ్గర చెట్టు ముదురు ఆకుపచ్చ, దూరపు చెట్టు బూడిద రంగు. కాబట్టి రంగులో చిటికెడు తెలుపు కలపండి. ఎంత కలపాలన్నది ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో తేల్చుకోండి. అట్టకు రెండువైపులా రంగు పూయటం మరచిపోవద్దు. ఒక్కవైపే తడిస్తే ఆ వైపు పీచు ఉబ్బి గోడ వంకర తిరుగుతుంది.

మరకలు వేసేటప్పుడు ప్రతి మరకకూ కారణం చెప్పగలగాలి. బాక్స్‌ఎన్ లోపలిగోడకు రంగు మిగలదు, బొగ్గు రాసుకుని రాసుకుని పోతుంది. అక్కడ తుప్పు, నల్లటి పొడి. బయట, కమ్ముల అడుగున వాన నీరు నిలిచి కిందికి కారిన చారలు. చక్రాల దగ్గర బ్రేకులు రాపిడై రాలిన ఇనుప ధూళి. బందరు ఉప్పుగాలికి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. తుప్పు రంగు కొనవద్దు. పాత మేకుల తుప్పునే గీకి, పలచని గుడ్డలో జల్లించి, కొంచెం బంకతో అద్దండి. పెడనలో అద్దకంవారు ఇనుప ముక్కలను బెల్లంనీళ్ళలో ఊరబెట్టి, దానిని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్ది నలుపు రప్పిస్తారని మీకు తెలుసు కదా? కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. పట్టాల కింద కర్ర స్లీపర్లు పెట్టేవారు ఆ కిటుకు వాడి చూడండి. కొన్న ఏ రంగూ అంత సహజంగా రాదు.

ఇంత చేసి, పెట్టె మీద సంఖ్య దగ్గర నోటికి వచ్చిన అంకెలు రాసేవారున్నారు. అది నేను ఒప్పుకోను. వ్యాగను సంఖ్యలో 11 అంకెలుంటాయి. మొదటి రెండు పెట్టె రకం, తరువాతి రెండు ఏ రైల్వేకు చెందినదో, తరువాతి రెండు తయారైన సంవత్సరం, ఆపై నాలుగు ఆ పెట్టె సొంత సంఖ్య. పదకొండోది కాపలా అంకె. ఉదాహరణకు నేను అల్లిన ఈ సంఖ్య చూడండి: 10 09 03 1234. 10 అంటే బాక్స్‌ఎన్, 09 అంటే దక్షిణ మధ్య రైల్వే, 03 అంటే 2003. ఎడమ నుంచి 2, 4, 6, 8, 10 స్థానాల్లోని అంకెలు కూడితే 0+9+3+2+4 = 18. దాన్ని 3తో గుణిస్తే 54. బేసి స్థానాల అంకెలు 1+0+0+1+3 = 5. మొత్తం 59. దీని తరువాతి పదుల సంఖ్య 60 కావాలంటే 1 కలపాలి. ఆ 1 కాపలా అంకె. పూర్తి సంఖ్య 10090312341.

గుమాస్తా పొరపాటున 12 బదులు 21 అని రాశాడనుకోండి. లెక్క మళ్ళీ కట్టండి: మొత్తం 57 వస్తుంది, కాపలా అంకె 3 కావాలి. కాని అక్కడ 1 ఉంది. తప్పు దొరికిపోయింది! ఏ ఒక్క అంకె తప్పు రాసినా ఈ పద్ధతి పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం ఒకే ఒక సందర్భంలో మోసపోతుంది. ఏ సందర్భంలోనో మీరే కనుక్కోండి. 1, 6లతో మొదలుపెట్టండి. పుస్తకాల వెనుక అట్ట మీద ఉండే 13 అంకెల సంఖ్యకూ ఇదే కాపలా. మీ ఇంట్లో పుస్తకం తీసి సరిచూడండి.

"పిల్లల ఆటకు ఇంత కచ్చితం ఎందుకండీ?" అని పెద్దలెవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. 1908లో బెజవాడ నుంచి బందరుకు వేసినది మీటరు గేజి. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి వేసినదీ అదే. డెల్టా బియ్యం దశాబ్దాలపాటు ఆ చిన్న పెట్టెల్లో వెళ్ళింది. 1960లలో ఈ లైన్లు బ్రాడ్‌గేజి అయ్యాయి, ఆ పెట్టెలు వెళ్ళిపోయాయి. తరువాత బ్రాడ్‌గేజి మీద తిరిగిన నాలుగు చక్రాల పెట్టెలు కూడా సరుకు రవాణా నుంచి తప్పుకున్నాయి. ఇంజనులనైతే పీఠాలు కట్టి స్టేషన్ల ముందు నిలబెడతారు. గూడ్సు పెట్టెకు అంత అదృష్టం అరుదు. దాన్ని ముక్కలుగా కోసి కొలిమికి పంపుతారు. విజయవాడ పక్కన రాయనపాడు కార్ఖానాలో వ్యాగన్లను విప్పి బాగుచేస్తారు, కాని అక్కడికి వచ్చేవి నేటి పెట్టెలే, నాటివి రావు. ఇక మిగిలినవి కొన్ని ఫొటోలు, కొన్ని డ్రాయింగులు, మూటలు మోసిన తాతల జ్ఞాపకాలు. ఇప్పుడు మీరు ఊహించి ఒక పెట్టె చేసి "1928 నాటి గుడివాడ పెట్టె" అని చీటీ పెడితే, ఇరవై ఏళ్ళ తరువాత దాన్ని చూసి మరొకడు చేస్తాడు. మీ ఊహ అతనికి చరిత్ర అవుతుంది. ఖండించటానికి అసలు పెట్టె లేదు! ఏమీ చేయకపోవటం కంటే ఇది చెడ్డపని.

అయితే కొలతలన్నీ దొరికితేనే చేయాలా? అలా అనటం లేదు. తాతయ్యను అడగండి: తలుపు పక్కకు జరిగేదా, బయటికి తెరుచుకునేదా? మూట నెత్తిన పెట్టుకుని లోపలికి వెళ్ళేటప్పుడు వంగేవారా? వంగేవారంటే తలుపు ఎత్తుకు ఒక హద్దు దొరికింది. ఇద్దరు తాతయ్యలు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి. మీటరు గేజి 1:100లో సరిగ్గా 10 మిల్లీమీటర్లు. దాన్ని, 16.76ను పక్కపక్కన పెడితేనే ఆ లైను ఎంత మారిందో చూసేవారికి తెలుస్తుంది.

దివిసీమ పిల్లలు "మాకు రైలే లేదు కదా" అంటారు. నిజమే, అవనిగడ్డకు, నాగాయలంకకు పట్టాలు లేవు. రైలు చూడాలంటే బందరు పోవాలి, లేదా కృష్ణ దాటి రేపల్లె పోవాలి. నన్నడిగితే ఈ పనికి మీరే తగినవారు. రోజూ చూసేవాడు చూడటం మానేస్తాడు. ఏడాదికొకసారి బందరు స్టేషనుకు వెళ్ళేవాడు నోటు పుస్తకం తీసుకుని వెళతాడు. కప్లింగు దగ్గర గొట్టాలు ఎన్ని, బోగీ పక్కన స్ప్రింగులు ఎన్ని అని ఇంటి దగ్గరే ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి.

పెట్టె పూర్తయ్యాక తిరగేసి, అడుగున ఒక చీటీ అంటించండి. దాని మీద సన్నని అక్షరాలతో ఇలా రాయండి: "బాక్స్‌ఎన్, 1:100. పొడవు, వెడల్పు, ఎత్తు, ఇరుసుల దూరం – అచ్చయిన కొలతలు. కమ్ముల ఎడం – ఫొటో నుంచి, తేదీ ఫలానా. గోడ మందం – అసలుకంటే ఎక్కువ. లోపలి అడుగు – చూడలేదు, ఊహ." కింద మీ పేరు, తరగతి, ఊరు.